చెరిపినా తిరిగి వచ్చే టైమింగ్ కోడ్: ఇంజిన్ దించే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది తిరుపతి. 2015 మోడల్ పెట్రోల్ హైబ్రిడ్ సెడాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. ఆర్నెల్లుగా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. స్కానర్ పెడితే ప్రతిసారీ పి0016 అనీ, ఒకసారి దానితోపాటు పి0011 అనీ వచ్చింది. మెకానిక్ ముందు క్రాంక్ సెన్సర్, తర్వాత క్యామ్ సెన్సర్ మార్చారు. మార్చి, కోడ్ చెరిపేశాక వారం పది రోజులు లైటు రాదు. తిరుమల కొండకు వెళ్ళొచ్చినప్పుడో, చిత్తూరు దాటి పలమనేరు వెళ్ళినప్పుడో మళ్ళీ వస్తుంది. బండి నడకలో తేడా తెలియడం లేదు, మైలేజీ మాత్రం కొంత తగ్గింది. ఇప్పుడు టైమింగ్ చైన్ పోయింది, ఇంజిన్ దించాలి అంటున్నారు. మా బావమరిది హైబ్రిడ్ బ్యాటరీ పోయి ఉంటుందంటున్నాడు. ఎవరి మాట నమ్మమంటారు? (కారు కంపెనీ పేరు వద్దని పాఠకుడు కోరారు.)

సమాధానం: అయ్యా, ముందుగా మీ బావమరిది గారి అనుమానం తీరుస్తాను. ఈ కోడ్ హైబ్రిడ్ బ్యాటరీకి సంబంధించినది కాదు. ఆ బ్యాటరీ బలహీనపడితే కంప్యూటర్ పి0ఏ80 వంటి వేరే కోడ్ ఇస్తుంది, మీటరులో హైబ్రిడ్ వ్యవస్థను చూపించుకోమనే హెచ్చరిక కూడా కనిపిస్తుంది. మీ ఉత్తరంలో ఆ రెండింటి ప్రస్తావనా లేదు. ఇక టైమింగ్ చైన్ సంగతి. అది సాగి ఉండే అవకాశాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఇంతవరకు మీ బండికి జరిగినవన్నీ విడిభాగాల మార్పులే తప్ప పరీక్షలు కావు, చైన్ పోయిందని చూపించిన కొలత ఒక్కటీ లేదు. ఆ కొలత మీ కళ్ళముందు పెట్టేవరకు ఇంజిన్ దించడానికి ఒప్పుకోకండి.

పి0016 చెప్పేది ఒకే ఒక్క విషయం. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ ఉన్న స్థానానికీ, గాలి లోపలికి వచ్చే వాల్వులను తెరిచే ఇరుసైన ఇంటేక్ క్యామ్ షాఫ్ట్ ఉన్న స్థానానికీ ఉండవలసిన పొంతన లేదని. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది చైన్. క్రాంక్‌తోపాటు తిరిగే పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. ఉదాహరణకు చాలా టొయోటా ఇంజిన్లలో దాని మీద 36 పళ్ళకు చోటుండగా, గుర్తు కోసం రెండు వదిలేసి 34 మాత్రమే ఉంచుతారు. ఆ ఖాళీ సెన్సర్ ముందు నుంచి పోయినప్పుడల్లా కంప్యూటర్‌కు క్రాంక్ ఎక్కడుందో తెలుస్తుంది. క్యామ్ సెన్సర్ సంకేతం ఆ ఖాళీకి ఎన్ని డిగ్రీల దూరంలో వచ్చిందో చూసుకుని, అది హద్దు దాటితే కోడ్ రాస్తుంది. అంటే ఈ కోడ్ రావాలంటే రెండు సంకేతాలూ కంప్యూటర్‌కు అందుతూ ఉండాలి. క్రాంక్ సెన్సర్ సంకేతం రాకపోతే పి0335, క్యామ్ సెన్సర్‌ది రాకపోతే పి0340 రావడం రివాజు. మీకు అవేవీ రాలేదు కాబట్టి సెన్సర్లు మార్చడం మొదటి అడుగు కావలసింది కాదు. తప్పు చోటును చూపకుండా పొంతన లేదని మాత్రమే చెప్పే కోడ్ ఇది. దానికి కారణం చైన్ కావచ్చు, క్యామ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే వీవీటీ యంత్రాంగం కావచ్చు, ఆ యంత్రాంగానికి ప్రాణాధారమైన ఇంజిన్ ఆయిల్ కావచ్చు.

అయితే సెన్సర్ మార్చాక వారం పది రోజులు లైటు ఎందుకు రాలేదని మీరు అడగవచ్చు. మీ మెకానిక్‌ను కూడా తప్పుదారి పట్టించినది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కంప్యూటర్ ఈ పొంతనను అన్ని వేళలా తూచి తీర్పు చెప్పదు. ఇంజిన్ తిరుగుతూ ఉండాలి, తగినంత వేడెక్కి ఉండాలి, వేగం నిర్ణీత హద్దుల్లో కొంతసేపు నిలకడగా ఉండాలి. అప్పుడే పరీక్ష జరుగుతుంది. పైగా చాలా బండ్లలో ఒక ప్రయాణంలో తప్పు కనిపిస్తే దాన్ని పెండింగ్ కోడ్‌గా దాచుకుని, మరో ప్రయాణంలో కూడా అదే కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. మామూలు పెట్రోల్ కారులో తాళం తిప్పినది మొదలు ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో ఈ షరతులన్నీ తీరిపోతాయి. హైబ్రిడ్‌లో అలా కాదు. లీలామహల్ సెంటర్ నుంచి బస్టాండు దాకా వెళ్ళివస్తే సగం దూరం మోటారే లాగుతుంది. ఇంజిన్ నాలుగు నిమిషాలు తిరిగి ఆగుతుంది, మళ్ళీ ఎక్కడో లేస్తుంది, సరిగా వేడెక్కకముందే ఇల్లు వచ్చేస్తుంది. పరీక్షే జరగనప్పుడు తప్పు బయటపడే మాట లేదు. అదే అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కితే, సుమారు 18 కిలోమీటర్లు, అరగంట సేపు ఇంజిన్ దాదాపు ఆగకుండా బరువు లాగుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి పలచబడుతుంది. పైకి చేరేసరికి బ్యాటరీ చార్జి తగ్గి ఉంటే, పార్కింగ్ కోసం నిలబడిన చోట కూడా ఇంజిన్ ఐడిలింగ్‌లో తిరుగుతూనే ఉంటుంది. పరీక్షకు కావలసిన షరతులు అక్కడ ఒక్కసారిగా సమకూరుతాయి. పలమనేరు దారిలో మొగిలి ఘాట్ చేసేదీ ఇదే పని. కొండ ఎక్కినందువల్ల తప్పు పుట్టలేదు, తిరుపతి వీధుల్లో దాగి ఉన్న తప్పు అక్కడ పట్టుబడింది. కాబట్టి కోడ్ చెరిపిన తర్వాతి వారం రోజుల నిశ్శబ్దాన్ని మరమ్మతు ఫలించినట్టు లెక్కవేయకండి.

బండి నడకలో తేడా తెలియకపోవడం కూడా ఇలాంటిదే. టైమింగ్ తప్పి ఇంజిన్ బలం తగ్గితే ఆ లోటును మోటారు పూడ్చేస్తుంది, నడిపే మనిషికి తెలియదు. తెలియవలసిన చోట్లు వేరు. మైలేజీ తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బ్యాటరీ గీతలు మునుపటికంటే త్వరగా పడిపోతాయి, అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ అరుస్తుంది. మైలేజీ తగ్గిందని మీరు గమనించారు. మిగిలిన రెండూ ఉన్నాయేమో ఈసారి చూడండి.

మీ ఉత్తరంలో నా దృష్టిని అన్నిటికంటే ఎక్కువ ఆకర్షించినది ఒక్కసారి వచ్చి వెళ్ళిన పి0011. ఇంటేక్ క్యామ్ కంప్యూటర్ అడిగినదానికంటే ముందుకు జరిగి అక్కడే ఉండిపోయిందనో, అడిగినట్టు కదలడం లేదనో దాని అర్థం. హైబ్రిడ్ ఇంజిన్లలో చాలావరకు అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తాయి. ఇంటేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, పిస్టన్ పైకి లేవడం మొదలుపెట్టాక కొంత గాలి వెనక్కి పోతుంది, ఇంధనం ఆదా అవుతుంది. ఆ ఆలస్యాన్ని అవసరాన్ని బట్టి హెచ్చించి తగ్గించేది వీవీటీ. క్యామ్ చివర ఉండే దాని చక్రంలోని గదుల్లోకి ఆయిల్ ఒత్తిడిని ఎటు పంపాలో ఒక చిన్న విద్యుత్ వాల్వు నిర్ణయిస్తుంది. దాన్ని ఓసీవీ అంటారు. ఆ వాల్వు మడ్డి పట్టి బిగుసుకున్నా, దాని జల్లెడ మూసుకుపోయినా, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా క్యామ్ తన విశ్రాంతి స్థానానికి తిరిగి రాదు. ఆ స్థానాన్ని ఆధారం చేసుకునే కంప్యూటర్ పొంతన చూస్తుంది కాబట్టి, చైన్ నిక్షేపంగా ఉన్నా పి0016 పడుతుంది. ఇక చైన్ సాగితే ఏమవుతుందో ఆలోచించండి. క్యామ్ వెనకబడుతుంది, ముందుకు జరగదు. చైన్ సాగిన బండిలో నేను ముందుగా ఎదురుచూసేది క్యామ్ వెనకబడిందని చెప్పే పి0012ను, పి0011ను కాదు. ఇదొక్కటే రుజువు కాదు గానీ, మీ విషయంలో త్రాసు ఆయిల్ వైపే మొగ్గుతోందని నా అభిప్రాయం.

కాబట్టి వెతకడం ఆయిల్ దగ్గర మొదలుపెట్టండి. గత రెండు మూడు సర్వీసుల బిల్లులు తీసి, పోసిన ఆయిల్ గ్రేడు చూడండి. ఇలాంటి హైబ్రిడ్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-20 వంటి పలచటి ఆయిల్ నిర్ణయిస్తారు, మీ బండికి ఏదో యజమాని పుస్తకంలో ఉంటుంది. ఎండలు ఎక్కువ, పలచటి ఆయిల్ ఆగదు అని మన ప్రాంతపు షెడ్లలో 20డబ్ల్యూ-50 పోయడం ఇప్పటికీ ఉంది. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ సన్నటి దారుల్లోంచి ఆయిల్ పరుగెత్తితేనే కదిలే వీవీటీకి అది సరిపడదు. తర్వాత డిప్‌స్టిక్ తీసి తెల్లటి గుడ్డ మీద తుడిచి వాసన చూడండి. పెట్రోల్ వాసన ఘాటుగా వస్తే, లేదా ఆయిల్ మట్టం పోసినప్పటికంటే పెరిగి ఉంటే, వేడెక్కకుండానే ఆగిపోతూ వచ్చిన ఇంజిన్‌లో పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. మూత అడుగున, లోపలి లోహం మీద జిగటగా నల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఓసీవీ జల్లెడ కూడా అలాగే ఉందనుకోవచ్చు. ఊళ్ళోనే తిరిగే హైబ్రిడ్‌కు కిలోమీటర్లు పూర్తికాలేదని ఆయిల్ మార్పును వాయిదా వేయడం నష్టం. కిలోమీటర్లా, నెలలా, ఏది ముందు వస్తే అప్పుడే మార్చాలి. సరైన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్ళీ చూడండి. మడ్డి పోతుందని ఇంజిన్ ఫ్లష్ డబ్బాలు పోయడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఊడిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఉన్న రోగానికి కొత్త రోగం తోడవుతుంది.

ఆయిల్ మార్చాక కూడా కోడ్ వస్తే ఓసీవీ వంతు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. మీటరులో రెడీ దీపం వెలుగుతుండగా హైబ్రిడ్ ఇంజిన్ ఏ హెచ్చరికా లేకుండా తనంతట తాను లేస్తుంది. బానెట్ ఎత్తి చేయి పెట్టే ముందు పవర్ పూర్తిగా ఆపాలి, స్మార్ట్ తాళాన్ని బండికి దూరంగా పెట్టాలి. నారింజ రంగు తీగల్లో 200 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. వాటి జోలికి మీరు గానీ, హైబ్రిడ్ శిక్షణ లేని మెకానిక్ గానీ పోకూడదు.

ఓసీవీ కనెక్టర్ ఊడదీసి దాని రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి నిరోధం కొలవాలి. చాలా టొయోటా ఇంజిన్లలో 20 డిగ్రీల వద్ద 6.9 నుంచి 7.9 ఓమ్‌ల మధ్య ఉండాలంటారు. మన ఊరి వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కొలిస్తే రాగి తీగ గుణం వల్ల అదే వాల్వు ఇంకో అర ఓము ఎక్కువ చూపుతుంది, దాన్ని చూసి వాల్వు పాడైందనుకోకూడదు. కొలత బాగుంటే వాల్వును బయటికి తీసి, క్షణం సేపు 12 వోల్టులు ఇచ్చి చూడాలి. లోపలి గొట్టం టక్కున జరిగి, తీసేయగానే పూర్తిగా వెనక్కి రావాలి. సగంలో ఆగినా, బద్ధకంగా కదిలినా మీ దొంగ దొరికినట్టే. జల్లెడ కొన్ని ఇంజిన్లలో వాల్వుకే ఉంటుంది, కొన్నింటిలో సిలిండర్ హెడ్ మీద ఒక బోల్టు కింద విడిగా ఉంటుంది. ఈ రెండోదాన్ని చాలామంది చూడకుండా వదిలేస్తారు, అడిగి తీయించండి.

తిరిగి బిగించాక స్కానర్‌తో చేయవలసిన పరీక్ష ఉంది, దానికి ఇంజిన్ ఆగకుండా తిరుగుతూ ఉండాలి. హైబ్రిడ్‌ను అలా తిప్పడానికి మెయింటెనెన్స్ మోడ్ ఉంటుంది. టొయోటా హైబ్రిడ్లలో చాలావాటికి, బ్రేకు తొక్కకుండా పవర్ బటన్‌తో ఇగ్నిషన్ ఆన్ చేసి, 60 సెకన్లలోపు పి గేరులో రెండుసార్లు, ఎన్‌లో రెండుసార్లు, మళ్ళీ పి లో రెండుసార్లు యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కాలి. మీటరులో సందేశం వచ్చాక బ్రేకు తొక్కి స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఆగకుండా తిరుగుతుంది. మీ బండికి పద్ధతి వేరైతే సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. ఆ మోడ్‌లో బండిని రోడ్డెక్కించకూడదు, గేరుబాక్సు దెబ్బతినే ప్రమాదముంది. ఇంజిన్ వేడెక్కాక స్కానర్ లైవ్ డేటాలో వీవీటీ లక్ష్య కోణాన్నీ, అసలు కోణాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. స్కానర్ నుంచే భాగాలకు ఆజ్ఞ ఇచ్చే యాక్టివ్ టెస్ట్‌లో ఓసీవీని ఆన్ చేస్తే ఇంజిన్ వణకాలి, ఆఫ్ చేయగానే కుదుటపడాలి. ఆన్ చేసినా ఉలుకూ పలుకూ లేకపోతే వాల్వుకో, క్యామ్ చక్రానికో ఆయిల్ అందడం లేదు. ఆఫ్ చేసినా వణుకు ఆగకపోతే చక్రం ముందుకు జరిగి ఇరుక్కుంది. ఈ పని చేయగల స్కానర్ కోడ్ చదివి చెరిపే చిన్న పరికరం కాదు. మీ మెకానిక్ దగ్గర లేకపోతే రేణిగుంట రోడ్డులో గానీ, ఆటోనగర్‌లో గానీ అది ఉన్నవారి దగ్గర ఈ ఒక్క పరీక్షకు డబ్బు కట్టడం వృథా కాదు.

అదే కూర్చోవడంలో ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా తీయించండి. కోడ్ పడిన క్షణాన ఇంజిన్ వేగం, వేడి, దాని మీద పడిన బరువు ఎంతో కంప్యూటర్ రాసి పెట్టుకున్న చిట్టా అది. కోడ్ చెరిపితే అదీ పోతుంది, మీకు ఇన్నిసార్లు పోయింది. ఇకమీదట ఫోన్‌తో తెర ఫొటో తీసుకోకుండా ఎవరినీ చెరపనివ్వకండి.

మధ్యలో రెండు చిన్న విషయాలు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసంగా ఉంటే హైబ్రిడ్‌లో సంబంధం లేని కోడ్లెన్నో పడతాయి. బండి ఆపి చాలాసేపు ఉంచాక 12.4 వోల్టులకు తగ్గితే ముందు దాన్ని చార్జి చేయించి పరీక్ష చేయించండి. బండిని చెట్లకిందో, ఖాళీ స్థలం పక్కనో నిలిపే అలవాటుంటే సెన్సర్ తీగలను ఎలుకలు కొరికాయేమో టార్చి వేసి చూడాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాకనే చైన్. దానికీ ఇంజిన్ దించకుండా చూసే పద్ధతులున్నాయి. పొద్దున్నే బానెట్ ఎత్తి ఉంచి, చల్లటి ఇంజిన్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో మరొకరు లేపుతుండగా, చైన్ కవరు ఉన్న వైపు చెవి పెట్టండి. చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి మొదటి క్షణంలో చిన్న గలగల వినిపించినా వెంటనే ఆగాలి. రెండు మూడు సెకన్లు దాటి కొనసాగితే అనుమానించాలి. రోజువారీ వాడకంలో హైబ్రిడ్ ఇంజిన్ రోడ్డు మధ్యలో, ట్రాఫిక్ హోరులో లేస్తుంది కనుక ఈ శబ్దం మీ చెవిన పడి ఉండదు. అంతకంటే గట్టి రుజువు ఆసిలోస్కోప్. క్రాంక్, క్యామ్ సంకేతాలను ఒకే తెర మీద పరచి, అదే ఇంజిన్ ఉన్న మంచి బండి చిత్రంతో పోలిస్తే ఎన్ని డిగ్రీలు జరిగిందో కనిపిస్తుంది. క్యామ్ స్ప్రాకెట్‌కు, అంటే చైన్ పట్టి తిప్పే పళ్ళ చక్రానికి, 36 పళ్ళున్న ఇంజిన్‌లో చైన్ ఒక పన్ను దాటితే క్రాంక్ లెక్కలో 20 డిగ్రీల తేడా వస్తుంది. కొద్ది డిగ్రీలే జరిగితే అది సాగుడు.

చివరి మెట్టు వాల్వ్ కవరు విప్పడం. అధిక వోల్టేజి విద్యుత్తును తెగగొట్టే సర్వీసు ప్లగ్ తీసిన తర్వాత, క్రాంక్‌ను చేత్తో తిప్పి ఒకటో సిలిండర్‌ను పై స్థానానికి తెచ్చి, క్యామ్ స్ప్రాకెట్ల మీద గుర్తులు కలిశాయో లేదో చూడాలి. చైన్ మీది రంగు లింకులను చూసి తీర్పు చెబితే ఒప్పుకోకండి. అవి బిగించే రోజుకు మాత్రమే గుర్తులు. ఇంజిన్ తిరిగాక మళ్ళీ ప్రతి రెండు చుట్లకూ అదే చోటికి రావు. బండి మీ చేతికి రాకముందు ఎవరైనా చైన్ కవరు విప్పి ఉంటే, ఒక పన్ను తేడాతో బిగించి ఉండవచ్చు కూడా. కవరు అంచున కొత్త సీలెంట్ జాడలు ఉన్నాయేమో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

గుర్తులు కలవకపోతేనో, టెన్షనర్ దాని హద్దు చివరకు వచ్చి ఉంటేనో మీ మెకానిక్ మాట నిజమే, చైన్ మార్చాల్సిందే. అప్పుడు చైన్ ఒక్కటే కాకుండా టెన్షనర్, గైడ్లు, ముందరి ఆయిల్ సీలు కూడా మార్పించండి, క్యామ్ చక్రాన్ని చేత్తో తిప్పి లాక్ అవుతోందో లేదో చూడమనండి.

ఇదంతా తేలేవరకు ఊళ్ళో నెమ్మదిగా తిరగడంలో పెద్ద ప్రమాదం లేదు గానీ, ఘాట్ రోడ్లు మానుకోండి. గలగల శబ్దం ఎక్కువైతే, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే, ఆయిల్ దీపం వెలిగితే బండిని అక్కడే ఆపి టోయింగ్ వాహనం పిలిపించండి. చైన్ పళ్ళు దాటితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. మరమ్మతు ఏదైనా, అది కుదిరిందో లేదో తేల్చుకోవడానికి కోడ్ చెరిపి వారం ఎదురుచూడనక్కరలేదు. స్కానర్ తగిలించి, పక్కన మెకానిక్‌ను కూర్చోబెట్టుకుని రెండు వేర్వేరు రోజుల్లో మొగిలి ఘాట్ ఎక్కి, పైన కాసేపు ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో ఉంచండి. పెండింగ్ కోడ్ల జాబితా రెండుసార్లూ ఖాళీగా ఉంటేనే డబ్బు మొత్తం చెల్లించండి. ఆయిల్ బిల్లులు, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో, ఐడిలింగ్‌లో వీవీటీ కోణాలు మాకు పంపితే తర్వాతి అడుగు చెబుతాను.